జాగ్రత్త: బాకీ ట్రాన్స్‌ఫర్ చేసుకున్న కార్డుతో కొత్తగా ఏమీ కొనకండి

ఒక క్రెడిట్ కార్డు మీదున్న బాకీని తక్కువ వడ్డీకో, సున్నా వడ్డీకో ఇంకో కార్డుకి మార్చుకుందామని చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడుగు వేయండి. ఇప్పటికే మార్చుకుని అదే కార్డును మామూలు ఖర్చులకి కూడా వాడుతున్నవాళ్లు ముందు మీ స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి. నేను ఆరు నెలలు చూసుకోలేదు.

పాత కార్డు మీద నాకు 60,000 బాకీ ఉండేది, నెలకి 3 శాతం వడ్డీ. కొత్త కార్డువాళ్లు ఆ బాకీని తమ దగ్గరికి మార్చుకుంటే 12 నెలలు వడ్డీ ఉండదన్నారు. 2 శాతం ఫీజు విడిగా కట్టి మార్చేశాను. అక్కడిదాకా మంచి పనే చేశానని ఇప్పటికీ అంటాను. నెలకి 5,000 చొప్పున కట్టుకుంటూ పోతే గడువులోపు మొత్తం తీరిపోతుంది.

రెండో నెలలో ఇంట్లో ఫ్రిజ్ పాడైంది. చేతిలో కొత్త కార్డు ఉంది, అందులో లిమిట్ ఉంది. 10,000 పెట్టి చిన్న ఫ్రిజ్ తీసుకున్నాను. బిల్లు రాగానే, గడువుకి మూడు రోజుల ముందే 15,000 కట్టాను. నెల నెలా కట్టే 5,000, ఫ్రిజ్ డబ్బు 10,000. కట్టేటప్పుడు రిమార్క్స్ గడిలో ‘ఫ్రిజ్ 10,000’ అని టైప్ కూడా చేశాను. ఫ్రిజ్ అప్పు ఆ రోజుతో తీరిపోయిందనే అనుకున్నాను.

తీరలేదు. కార్డు లోపల మన బాకీ అంతా ఒకే ముద్దగా ఉండదు. ట్రాన్స్‌ఫర్ చేసింది ఒక లెక్క, కొన్న వస్తువులది ఒక లెక్క, ఏటీఎంలో తీసిన క్యాష్‌ది ఇంకో లెక్క. దేని వడ్డీ దానిదే. మనం కట్టిన డబ్బు వీటిలో ముందు దేనికి జమ కావాలో మనం చెప్పలేం, కార్డు నిబంధనల్లో రాసిపెట్టిన వరుస చెబుతుంది. నా కార్డు వరుస ఇది: ముందు వడ్డీ, ఫీజులు, తర్వాత ట్రాన్స్‌ఫర్ బాకీ, ఆ తర్వాతే కొనుగోళ్లు, అన్నిటికంటే చివర క్యాష్. అంటే వడ్డీ లేని అప్పు ముందు తీరుతుంది, వడ్డీ పెరిగే అప్పు అక్కడే కూర్చుంటుంది. నేను కట్టిన 15,000 మొత్తం సున్నా వడ్డీ బాకీకే పోయింది. 55,000 ఉన్నది 40,000 అయింది. ఫ్రిజ్ తాలూకు 10,000 అలాగే ఉండిపోయి నెలకి 300 వడ్డీ లాగింది. నేను కట్టే 5,000లోంచి ముందు ఆ 300 పట్టుకుని, మిగిలిన 4,700 మళ్లీ ట్రాన్స్‌ఫర్ బాకీకే వేశారు. ఇలా ఆరు నెలలు.

ఆరో బిల్లు వచ్చినప్పుడు ఎందుకో చివరి పేజీదాకా వెళ్లాను. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంది. ట్రాన్స్‌ఫర్: 11,800, వడ్డీ 0. కొనుగోళ్లు: 10,000, వడ్డీ నెలకి 3 శాతం. ఆ 10,000 చూసి గుండె జారిపోయింది. ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. 1,800 వడ్డీ మాత్రం కట్టేశాను.

వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

“మీ పేమెంట్లన్నీ సరిగ్గానే పడ్డాయి మేడమ్.”

“నేను ఫ్రిజ్‌కని రాసి మరీ కట్టానండీ.”

“రిమార్క్స్ సిస్టమ్ చూడదు మేడమ్. ట్రాన్స్‌ఫర్ బాకీ పూర్తయ్యాకే కొనుగోళ్లకి వస్తుంది.”

ఆ అమ్మాయి తప్పేం లేదు, ఓపిగ్గానే చెప్పింది. నిబంధనల్లో ఉంది కాబట్టి ఫిర్యాదుకీ దారి లేదు. కానీ కార్డు అమ్మేటప్పుడు ‘12 నెలలు వడ్డీ లేదు’ అని పది సార్లు చెప్పినవాళ్లు ఈ వరుస గురించి ఒక్క సారైనా చెప్పి ఉండాల్సింది. నా కోపమంతా దాని మీదే.

కొన్ని దేశాల్లో దీనికి చట్టమే అడ్డు వేసింది. అమెరికాలో 2009లో తెచ్చిన కార్డ్ యాక్ట్ ప్రకారం, 2010 ఫిబ్రవరి నుంచి మినిమమ్ డ్యూ (ఆ నెల తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) కంటే ఎక్కువ కట్టిన సొమ్ము ముందు అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకే పోవాలి. అయితే ఆ మినిమమ్ వరకు మాత్రం కంపెనీ తక్కువ వడ్డీ బాకీకి వేసుకోవచ్చు. కాబట్టి ఆటో పేలో మినిమమ్ మాత్రమే పెట్టుకున్నవాళ్లకి అక్కడా లాభం లేదు. బ్రిటన్‌లో 2011 జనవరి నుంచి ఎక్కువ వడ్డీ బాకీ ముందు తీరే పద్ధతి వచ్చింది. మీ కార్డుకి ఏది వర్తిస్తుందో నిబంధనల్లో ‘చెల్లింపుల సర్దుబాటు’ లాంటి పేరుతో ఉన్న పేరా చూడండి. దొరక్కపోతే కార్డు తీసుకునే ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

ఇంకో దెబ్బ కూడా ఉంది. కొన్న వస్తువుల మీద కొన్ని రోజులు వడ్డీ ఉండదని మనం అలవాటు పడి ఉంటాం. ఆ సౌకర్యం చాలా కార్డుల్లో పోయిన బిల్లు పూర్తిగా కట్టినవాళ్లకే. ట్రాన్స్‌ఫర్ బాకీ మిగిలి ఉంటే బిల్లు పూర్తిగా కట్టనట్టే లెక్క, దాంతో కొత్తగా ఏది కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏటీఎంలో తీసిన క్యాష్‌కైతే మామూలుగానే తీసిన రోజు నుంచి వడ్డీ, పైన ఫీజు. నాలాంటి కార్డు మీద క్యాష్ తీస్తే అది వరుసలో అట్టడుగున పడి, పై బాకీలన్నీ తీరేదాకా వడ్డీ లాగుతూనే ఉంటుంది. దయచేసి ఆ పని అస్సలు చేయకండి.

‘వడ్డీ లేదు’ అన్న మాటకీ ‘గడువులోగా పూర్తిగా కడితే వడ్డీ లేదు’ అన్న మాటకీ చాలా తేడా ఉందని కూడా గుర్తుంచుకోండి. రెండో రకంలో గడువు నాటికి కొంచెం మిగిలినా మొదటి రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ వేస్తారు.

బాకీ మార్చుకున్న కార్డును బీరువాలో పెట్టేయండి. ఖర్చులకి వేరే కార్డు వాడండి, దాన్ని నెల నెలా పూర్తిగా కట్టండి. ఇప్పటికే రెండు బాకీలూ కలిసిపోయి ఉంటే, ముందు ఆ కార్డుతో కొనడం ఆపండి. చేతిలో డబ్బుంటే మొత్తం ఒకేసారి తీర్చేయడమే మేలు, నాలాంటి కార్డులో కొంచెం కొంచెం ఎక్కువ కట్టినా అది మీరు అనుకున్న చోటికి చేరదు.

నేను పొదుపులోంచి తీసి 11,800, 10,000, ఆ నెల వడ్డీ అన్నీ కలిపి ఒకేసారి కట్టేశాను. అయినా తర్వాతి బిల్లులో 140 వచ్చింది. బిల్లు తయారైన రోజుకీ నేను కట్టిన రోజుకీ మధ్య నడిచిన వడ్డీ అట అది. అదీ కట్టాను. ఆ పై నెల స్టేట్‌మెంట్ చివరి పేజీ పట్టికలో అన్ని గడుల్లోనూ సున్నా కనబడ్డాకే ఆటో పే తీసేశాను.