విజయనగరంలో సన్‌సెట్ ఆయిల్ పెయింటింగ్ క్లాసు, కిట్టు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు, ముఖ్యంగా సెలవుల్లో పిల్లల్ని ఆయిల్ పెయింటింగ్‌కి పంపుదామనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. "ఒక్కరోజులో ఆయిల్ కలర్స్‌లో సూర్యాస్తమయం, కిట్టుతో కలిపి 3,500" అన్న ప్రకటన చూసి నేనూ మా చెల్లీ చేరాం. వాళ్ల పేరు రాయట్లేదు, మీరు ఎవరి దగ్గర కట్టినా ఇవి మాత్రం చూసుకోండి.

పెద్దచెరువు గట్టు మీద కూర్చోబెట్టి నేర్పిస్తామన్నారు. తీరా వెళ్తే తలుపులు వేసిన ఏసీ గది, చేతికో ప్రింటవుటు, అందులో సముద్రంలో మునుగుతున్న సూర్యుడు. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడండీ, దిగేది పడమటి కొండల వెనక. మన ఊరి సాయంత్రం వేయిస్తామని డబ్బు తీసుకుని ఇదా చేసేది?

ఇక రంగులు. ట్యూబుల మీద "ఆరంజ్", "రోజ్" అని తప్ప ఇంకేం లేదు. మంచి కంపెనీ ట్యూబు మీద పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కోడ్ ఉంటుంది, టైటానియం వైట్‌కి పీడబ్ల్యూ 6, అల్ట్రామెరైన్‌కి పీబీ 29, ఇలా. పేరు పక్కన "హ్యూ" అని ఉంటే అసలు పిగ్మెంట్ బదులు చవక పిగ్మెంట్ వాడారని అర్థం, అది మోసం కాదు, నేర్చుకునేవాళ్లకి సరిపోతుంది. కోడే లేకపోతే మాత్రం లోపల ఏముందో ఎవరికీ తెలియదు. మా చెల్లి బొమ్మ కిటికీ పక్కన పెట్టాం, ఆకాశంలో గులాబీ రంగు మొత్తం వెలిసిపోయింది.

కాన్వాస్‌కి ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) లేదు, నూనె వెనక్కి ఇంకి మరకలు కట్టింది. కొనేముందు ఒక మూల చిన్న నూనె చుక్క పెట్టి చూడండి, పీల్చేసుకుంటే వద్దని చెప్పండి.

నాకు ఎక్కువ బాధ కలిగింది నేర్పిన తీరు చూసి. పసుపు మీదకి నేరుగా నీలం లాగమన్నారు, కింద రంగు ఇంకా ఆరలేదు కదా, ఆకాశం ఆకుపచ్చగా తేలింది. మధ్యలో నారింజ, గులాబీ, ఆపైన బూడిద ఊదా పెట్టి, ప్రతి రంగుకీ బ్రష్ తుడుచుకుంటూ వెళ్లాలని ఒక్కమాట చెప్పుంటే ఆ గదిలో అన్ని బొమ్మలూ బాగుండేవి. వెలుగు రాలేదంటే తెల్లరంగు ఇంకా కలపమన్నారు, దాంతో సున్నం పూసినట్టు అయిపోయింది. చుట్టూ ఉన్న రంగుల వెలుగు తగ్గిస్తేనే కదా సూర్యుడు వెలిగేది! చివర్లో హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టమన్నారు. ఆయిల్ కలర్ నీళ్లలా ఆవిరై ఆరదు, అందులోని అవిసె నూనె గాలిలో ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది, రోజులు పడుతుంది.

ఇంకోటి, ఇది పిల్లల తల్లిదండ్రులకి. ఆ మూసిన గదిలోనే హార్డ్‌వేర్ షాపు థిన్నర్ గిన్నెల్లో పోసి పెట్టారు, చాలామందికి తలనొప్పి వచ్చింది. నూనె తుడిచిన గుడ్డలన్నీ ఒక సంచిలో కుక్కమన్నారు. అవిసె నూనె గుడ్డలు కుప్పగా ఉంటే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు, విడివిడిగా ఆరేయాలి లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

డబ్బు వెనక్కి అడిగితే "మెటీరియల్ వాడేశారు కదా" అన్నారు, బిల్లు కూడా ఇవ్వలేదు. మీరు యూపీఐలో కట్టండి, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండానే కేసు వేయొచ్చు. నేను 1915కి ఫిర్యాదు ఇచ్చాను. మీలో ఎవరైనా ఇదే క్లాసులో చేరి ఉంటే కింద రాయండి, కలిసి వెళ్దాం.