ఫాక్స్‌ప్రో ఖాతాల నుంచి పోస్ట్‌గ్రెస్‌కు: పీజీలోడర్ వాడకంపై సమీక్ష

బరంపురంలోని ఒక పట్టునేత సహకార సంఘానికి చెందిన సభ్యత్వ రికార్డులను, నూలు పంపిణీ ఖాతాలను, నేత కూలి చెల్లింపులను ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాం ఫైళ్ల నుంచి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోకి తరలించే పనిలో కొన్నేళ్లుగా, డేటాను అందులోకి ఎక్కించే పీజీలోడర్ అనే పనిముట్టును వాడుతున్నాను. విజువల్ ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్ 9.0 వచ్చింది 2004లో. మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరిలో పూర్తిగా ముగిసింది. పైగా అందులో ఒక్కో టేబుల్ 2 గిగాబైట్లకు మించకూడదు. కాబట్టి తరలించాలా వద్దా అన్న చర్చ మాకు రాలేదు.

ఈ పనిముట్టులో నాకు అన్నిటికన్నా నచ్చినది, తిరస్కరించిన వరుసలను అది దాచకపోవడం. పోస్ట్‌గ్రెస్‌లో డేటాను మొత్తంగా ఎక్కించే కాపీ ఆదేశాన్ని అదనపు ఎంపికలేవీ లేకుండా నేరుగా వాడితే ఒక్క వరుస చెడినా మొత్తం లోడు ఆగిపోతుంది. పీజీలోడర్ వరుసలను విడతలుగా పంపి, చెడ్డదాన్ని వేరుచేసి ఒక ఫైలులోనూ, దాని కారణాన్ని మరో ఫైలులోనూ రాసి, మిగతావాటిని లోపలికి తీసుకుంటుంది. మా కూలి ఖాతాల్లో కొన్ని మొత్తాల గడిలో అంకెలకు బదులు నక్షత్రపు గుర్తులే ఉన్నాయని ఆ ఫైళ్లు చూశాకే తెలిసింది. గడి వెడల్పుకు మించిన సంఖ్య వస్తే ఫాక్స్‌ప్రో నక్షత్రాలు నింపుతుంది. అసలు సంఖ్య ఇక దొరకదు. ఆ మొత్తాలను కాగితపు చిట్టాల నుంచి మళ్లీ లెక్కగట్టాము. ఆ వరుసలు సున్నాలుగా మారి లోపలికి వెళ్లిపోయి ఉంటే నేతగాళ్ల కష్టార్జితం లెక్కలోంచి జారిపోయేది.

అయితే మాకు అసలు కష్టం పీజీలోడర్ పరిధికి బయటిది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ఊళ్లో తెలుగు పేర్లు తెలుగులోనూ, ఒడియా పేర్లు ఒడియాలోనూ నమోదయ్యాయి. రెండూ జిస్ట్ కార్డు (పాత కంప్యూటర్లలో భారతీయ లిపుల కోసం అమర్చే కార్డు) సాయంతో ఇస్కీ (యూనికోడ్‌కు ముందు భారతీయ లిపులకు వాడిన సంకేత పద్ధతి) సంకేతాల్లో టైపు చేసినవే. ఇస్కీలో చేరిన లిపులన్నిటికీ సంకేతాలు ఉమ్మడి: 179 అంటే తెలుగులోనూ ఒడియాలోనూ ‘క’ అక్షరమే. లిపిని సూచించే గుర్తు ప్రత్యేకంగా పెడితే తప్ప ఆ వరుస ఏ భాషదో ఫైలు చెప్పదు, మా ఫైళ్లలో అది లేదు. పీజీలోడర్ ఫాక్స్‌ప్రో వాడే డీబీఎఫ్ ఫైళ్లను నేరుగా చదవగలిగినా, ఈ కారణంగా ముందు ఒక పైథాన్ స్క్రిప్టుతో యూనికోడ్‌లోకి మార్చి, సీఎస్వీగా (గడులను కామాలతో విడదీసిన మామూలు పాఠ్యపు ఫైలుగా) అందించవలసి వచ్చింది.

వరుసలను వేరుచేయడానికి అక్షరాలే దారి చూపాయి. ఒడియాలో హ్రస్వ ఎకార, ఒకారాలు లేవు, తెలుగులో ఉన్నాయి. కాబట్టి చెల్లమ్మ, కొండయ్య వంటి పేర్లలోని హ్రస్వాల సంకేతాలు కనబడిన వరుసలన్నీ తెలుగువిగా నిశ్చయించాము. ఒడియాకు ప్రత్యేకమైన రెండో యకారం ఉన్నవి ఒడియా వైపు వెళ్లాయి. ఏ ఆనవాలూ లేని రామారావు వంటి పేర్లను మాత్రం వీధుల వారీగా అచ్చు తీసి సంఘం పెద్దల చేత సరిచూపించాము. ఈ అంచెను తొందరపడి దాటవేయవద్దని ఇటువంటి పని తలపెట్టేవారికి గట్టిగా చెబుతాను, ఎందుకంటే తప్పు లిపిలో పడిన పేరును ఏ డేటాబేసూ తప్పని తిరస్కరించదు.

తేదీల విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. సంవత్సరాన్ని రెండంకెలతో టైపు చేసిన చోట 2002 కావలసింది 1902గా నిల్వ అయింది. అదీ చెల్లే తేదీయే గనుక లోడరు అడ్డుచెప్పదు. పుట్టిన తేదీకన్నా ముందే సభ్యుడైనట్టు కనబడే వరుసలను వెదికితే ఇవి చాలావరకు బయటపడతాయి.

వేగం గురించి ఫిర్యాదు లేదు. మెమరీ తక్కువ ఉన్న కంప్యూటర్లలో ముందుగా చదివి ఉంచుకునే వరుసల సంఖ్యను తగ్గించుకుంటే సరిపోతుంది.

ఫాక్స్‌ప్రోలో డిలీట్ చేసిన రికార్డు ప్యాక్ ఆదేశం ఇచ్చేదాకా, మొదటి బైటులో నక్షత్రం గుర్తుతో ఫైలులోనే ఉంటుంది. వాటిని పారేయకుండా వేరే టేబుల్‌లోకి ఎక్కించాము. చనిపోయిన సభ్యుల వారసులు వాటా సొమ్ము కోసం వచ్చినప్పుడు గుమాస్తా ఇప్పుడు ముందుగా వెదికేది ఆ టేబుల్‌లోనే.