పాత నాటకశాలకు కొత్త వెనుకభాగం: చెన్నైలో ఒక ఆర్కిటెక్ట్ కార్యాలయం సేవలపై సమీక్ష

చెన్నై పార్కుటౌన్ ప్రాంతంలో తెలుగువారి సభ ఒకటి నడుపుతున్న, నూరేళ్లు దాటిన నాటకశాలకు అనుబంధ భవనం గీయించేందుకు మా కార్యవర్గం నగరంలోని ఒక ఆర్కిటెక్ట్ కార్యాలయాన్ని నియమించుకుంది. ఆ భవనం ఇప్పుడు పైకప్పు దాకా లేచి, ఒక ఈశాన్య రుతుపవన కాలాన్ని కూడా దాటింది కనుక వారి పనితనం గురించి చెప్పడానికి తగినంత ఆధారం ఉంది. లోపలి పనులు మిగిలి ఉన్నందువల్ల, ఒప్పందం ఇంకా నడుస్తున్నందువల్ల వారి పేరు రాయడం లేదు. పాత హాళ్లు చేతిలో ఉన్న సభలు, ట్రస్టులు అటు ఆంధ్రలోను, తెలంగాణలోను కూడా ఉన్నాయి కాబట్టి ఈ వివరాలు వారికి పనికిరావచ్చు.

మా హాలు పెద్ద కట్టడమేమీ కాదు. 1883లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి శంకుస్థాపన చేసిన విక్టోరియా పబ్లిక్ హాలు, 1896 నాటి ఎగ్మోరు మ్యూజియం థియేటరు, ఈ రెండింటినీ కట్టిన తాటికొండ నంబెరుమాళ్ చెట్టి స్థాయి పనితనం మా గోడల్లో వెతికితే దొరకదు. అయినా సున్నంతో కట్టిన మందపాటి ఇటుక గోడలు, టేకు దూలాల మీద పెంకుల కప్పు, పక్క వరండాలకు మద్రాసు టెర్రస్ (దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన చదును కప్పు), ఇనుప స్తంభాల మీద నిలిచిన బాల్కనీ, వేదిక ముందు గచ్చుతో తీర్చిన కమాను ఉన్నాయి. లేనివల్లా వెనుకవైపే ఉన్నాయి: సరైన మేకప్ గదులు లేవు, సెట్లు దింపుకునే చోటు లేదు, రిహార్సలుకు గది లేదు, నటీనటులకు మరుగుదొడ్లు చాలవు. ఇంత తెలిసీ మేము వారికి ఇచ్చిన కోరికల జాబితాలో మొదటి అంశం మాత్రం ముందువైపు గాజు లాబీ!

ఆ కార్యాలయం చేసిన మొదటి మంచిపని ఆ జాబితాకు వెంటనే బొమ్మ గీసి ఇవ్వకపోవడం. భవనం అధ్యయనానికి విడిగా రుసుము అడిగారు. బొమ్మ కూడా గీయకముందే డబ్బేమిటని కార్యవర్గంలో గొణుగుడు లేకపోలేదు కానీ, ఈ మొత్తం వ్యవహారంలో మేము పెట్టిన అతి సార్థకమైన ఖర్చు అదే. లేజరు పరికరంతో హాలంతా కొలిచి, గోడలు ఎక్కడెక్కడ నిట్టనిలువుగా లేవో పటం మీద చూపించారు. గోడ పక్కనే గోతులు తవ్వించి, పునాది కిందికి పోయేకొద్దీ మెట్లుమెట్లుగా వెడల్పవుతున్నదని, కాంక్రీటు అన్నది ఎక్కడా లేదని చూశారు. వెనుకగోడ అడుగున ఇటుకలు పొడిపొడిగా రాలుతూ ఉండేవి. ఎప్పుడో ఎవరో వేయించిన సిమెంటు పూత లోపలి చెమ్మను బయటికి పోనివ్వక ఇటుకలోనే ఆపేస్తున్నదని, దానిని గీకించి మళ్లీ సున్నపు పూతే వేయించాలని వారి నివేదిక చెప్పింది. ఆ పూతకు వచ్చిన మేస్త్రీ సున్నాన్ని కొన్ని రోజులు నానబెట్టి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు కలిపించి, గోడను తడిపి, పలచటి పొరలుగా ఎక్కించాడు. తొందరపెట్టిన మా కోశాధికారికి అతడు సమాధానం కూడా ఇవ్వలేదు.

తరువాతి సమావేశంలో వారు ఇతర దేశాల ఒపేరా భవనాల విస్తరణలను వివరించారు. పార్కుటౌనుకు మిలాన్‌తో పనేమిటని అనిపించవచ్చు కానీ, మా నిర్ణయాలు మారింది అక్కడే. ఫ్రాన్సులోని లియాన్‌లో 1831 నాటి ఒపేరా భవనానికి ఆర్కిటెక్టు జాఁ నువెల్ వెలుపలి గోడలను, లోపలి పాత విశ్రాంతి శాలను ఉంచి మిగిలినదంతా తొలగించాడు. కిందికి తవ్వి, పైన అర్ధవర్తులపు గాజు కప్పు ఎత్తి, 1993లో దాదాపు కొత్త భవనాన్నే పాత ముఖం వెనుక నిలబెట్టాడు. మిలాన్‌లో 1778 నాటి లా స్కాలా ప్రేక్షకశాలను మరమ్మతు చేసి, దాని వెనుక పాత వేదికను తీసేసి ఆర్కిటెక్టు మారియో బొట్టా కొత్త వేదికను, దాని మీద తెరలను పైకి లాగి దాచే పెద్ద గోపురాన్ని, పక్కన దీర్ఘవృత్తాకారపు మరొక భాగాన్ని కట్టగా 2004 డిసెంబరులో తిరిగి తెరిచారు. పాత వేదిక యంత్రసామగ్రి పోయిందని అక్కడ పెద్ద వివాదమే నడిచింది. లండన్ కోవెంట్ గార్డెన్‌లోని ఒపేరా భవనానికి పక్కనే ఉన్న పాత పూలమార్కెట్టు ఇనుప-గాజు మందిరాన్ని ప్రేక్షకుల విశ్రాంతి శాలగా కలుపుకొని 1999లో తెరిచారు. ఆ మందిరంలో మిగిలిపోయిన ఒక ముఖద్వారాన్ని తరువాత ఆ నగరంలోని బరో మార్కెట్టు వారు తీసుకుపోయి తమ దగ్గర నిలబెట్టుకున్నారు. మన దేశంలో ముంబయి రాయల్ ఒపేరా హౌస్, 1993లో మూతపడి 2016లో తిరిగి తెరుచుకున్నది, ప్రధానంగా పునరుద్ధరణే.

"మనది లా స్కాలా కాదు కదమ్మా" అని మా అధ్యక్షులు అన్నప్పుడు, బొమ్మలు చూపిస్తున్న యువ ఆర్కిటెక్టు, "కాదండీ, కానీ వాళ్లకూ స్థలం కరువైంది వెనుకనే" అన్నది. నిజానికి ఆ విదేశీ విస్తరణల్లో చాలా పని ప్రేక్షకుడి కంటికి కనిపించని చోట్లే జరిగింది: వేదిక పక్క ఖాళీలు, సెట్లు నిలిపే చోట్లు, అభ్యాస గదులు, యంత్రాలు. గాజు లాబీ ఆ రోజుతో మా జాబితా చివరికి జారి, ఆ తరువాత పూర్తిగా పోయింది.

అన్నింటికన్నా ఎక్కువ చర్చ వేదిక పైఎత్తు మీద జరిగింది. తెరను చుట్టకుండా నిలువునా పైకి లాగి ప్రేక్షకుల కంటికి అందకుండా దాచాలంటే, వేదిక ముఖం ఎత్తుకు కనీసం రెండున్నర రెట్ల ఎత్తు గోపురం కావాలి. మా కమాను ఎత్తు సుమారు 6 మీటర్లు అనుకుంటే గోపురం 15 మీటర్లు దాటాలి. అంటే వీధిలోంచి చూసినప్పుడు పాత పెంకుల కప్పు వెనుక ఒక కాంక్రీటు పెట్టె లేచి కనిపిస్తుంది. ఆ బరువు మోయడానికి కమాను గోడ పక్కనే లోతైన పునాదులు పడాలి. మా సభ్యుల్లో సగంమందికి గోపురం కావాలనే ఉంది. అప్పుడు ఆర్కిటెక్టులు అడిగిన ప్రశ్న మాకు నచ్చింది: మీ వేదిక మీద ఏ నాటకాలు ఆడతారు? 1885లో మొదలైన సురభి వారి సంప్రదాయం ఎరిగిన వారికి జవాబు చెప్పనవసరం లేదు. రంగులద్దిన తెరలను కర్రకు చుట్టి పైకి లాగడం, ఒకదాని వెనుక ఒకటిగా రాజసభను, అడవిని, స్వర్గాన్ని నిలపడం, తీగల మీద నటులను గాలిలో తేల్చడం గోపురం లేని వేదికల మీద మనవాళ్లు తరతరాలుగా చేసి చూపించిన పనులే. చుట్టుతెరకు కావలసింది ఎత్తు కాదు, తెరల మధ్య లోతు, లాగేవారు నిలబడేందుకు పక్కన చోటు. అందుకని గోపురం మానుకొని, వేదిక పైన బలమైన ఉక్కు జాలకాన్ని పాత కప్పుకు తగలకుండా కొత్త స్తంభాల మీద నిలిపారు, వెనుకకు లోతు పెంచారు. వాస్తుశిల్పి గొప్ప కట్టినదానిలోనే తెలుస్తుందని అనుకునేవారికి ఇది రుచించకపోవచ్చు. నా మట్టుకు ఈ పనిలో అత్యుత్తమమైన నిర్ణయం ఇదే.

పాతదీ కొత్తదీ కలిసే చోటును వారు గీసిన తీరు ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. సున్నపు గోడ బరువును తనలో తానే మోస్తూ కాలక్రమేణా కుదురుకుని ఉంటుంది. కొత్త కాంక్రీటు చట్రం కట్టిన తొలి సంవత్సరాల్లో కొంత దిగుతుంది. రెండింటినీ గట్టిగా కలిపేస్తే చీలేది పాత గోడే. అందువల్ల రెండు కట్టడాల మధ్య పునాది నుంచి కప్పు వరకు వేళ్లు దూరేంత సందు వదిలి, దాని మీద ఒకవైపు మాత్రమే బిగించిన లోహపు రేకు కప్పారు. కొత్త స్తంభాలను పాత పునాది మెట్లకు తగలకుండా దూరంగా జరిపి, అక్కడి నుంచి స్లాబును గోడ వైపు చాచారు. పునాదులకు స్తంభాలను నేలలోకి దిగ్గొట్టే పద్ధతి కాకుండా నేలను తొలిచి కాంక్రీటు పోసే పద్ధతే వాడాలని టెండరులోనే రాశారు, ఎందుకంటే ఆ అదురుకు గచ్చు కమాను నిలవదు. పెంకుల కప్పు వాలు వచ్చి కొత్త గోడకు తగిలేచోట నీళ్లు నిలవకుండా ఆ వాలును ముందే ఆపి, మనిషి నడిచి శుభ్రం చేయగలిగినంత వెడల్పు కాలువను పెట్టారు. దానికి ఒకటి పూడుకుపోయినా ఇంకొకటి పనిచేసేలా రెండు దారులు. నవంబరులో రాత్రంతా కురిసిన వాన తరువాత నేను నిచ్చెన వేయించుకుని చూశాను. వేపాకులు ఒక దారిని మూసేశాయి, నీళ్లు రెండో దారిన పోయాయి, వెనుకగోడ లోపలి ముఖం పొడిగానే ఉంది.

ధ్వని విషయంలో వారు బయటి నిపుణుణ్ణి తెచ్చారు. ఖాళీ హాలులో బెలూన్లు పగలగొట్టి, ఆ చప్పుడు ఆరిపోవడానికి ఎంతసేపు పడుతున్నదో పరికరంతో నమోదు చేశారు. సంభాషణ స్పష్టంగా వినిపించాలంటే ఆ సమయం ఒక సెకను దగ్గర ఉండాలని, ఒపేరా హాళ్లలో అంతకంటే కొంత ఎక్కువే ఉంటుందని చెప్పారు. మనకు కావలసింది ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది, ఎందుకంటే పద్యనాటకంలో అదే నటుడు వాదనా చేస్తాడు, ఆ వెంటనే రాగమూ తీస్తాడు. మా పెద్ద నటుడొకరు వేదిక మీద నిలబడి ఒక పద్యం పాడగా, నిపుణుడు బాల్కనీ కింద చివరి వరుసలో కూర్చొని రాసుకోవడం చూడముచ్చటగా ఉంది. ఫలితంగా గోడలకు పలకలు బిగించాలన్న మా ఆలోచనను విరమించుకున్నాము. ఏసీ యంత్రాలను మాత్రం కొత్త భవనంలో వేరే దిమ్మె మీద, స్ప్రింగుల మీద నిలిపి, గాలి నెమ్మదిగా వచ్చేలా పెద్ద గొట్టాలు వేయించారు. పెద్ద గొట్టాలకు ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చుకు అభ్యంతరం లేదు.

మరుగుదొడ్లు, లిఫ్టు, అగ్నిమాపక మెట్లు సరిగ్గా వచ్చాయి. వాటి గురించి చెప్పడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. అనుమతుల కాగితాలు కూడా ఓపికగా నడిపించారు. భారత్ ఇన్సూరెన్స్ భవనం కేసులో ఆ పాత కట్టడం కూల్చివేతను అడ్డుకుంటూ 2010లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత ఈ నగరంలో పాత కట్టడం మీద చేయి వేయడం ఆషామాషీ వ్యవహారం కాదు, కాకూడదు కూడా.

ఇక లోపాలు. మొదటిది అంచనా. తొలి అంచనాలో సున్నపు పనిని సిమెంటు పని ధరలకు దగ్గరగా వేశారు. నైపుణ్యం ఉన్న మేస్త్రీలు దొరకడమే కష్టమైన ఈ రోజుల్లో ఆ ధర ఎలా సరిపోతుందో మాకు అప్పుడే అనుమానం వచ్చింది, చివరికి అదే జరిగి ఆ భాగం ఖర్చు బాగా పెరిగింది. రెండవది, స్ట్రక్చరల్ ఇంజనీరు బొమ్మలు, ఏసీ వారి బొమ్మలు ఒకదానితో ఒకటి కలవలేదు. పోసిన దూలానికి అడ్డంగా గొట్టం వచ్చి, మేకప్ గదుల నడవా కప్పు తలకు తగిలేంత కిందికి దిగింది. దానిని మళ్లీ మార్చడానికి పట్టిన సమయం వారిదే అయినా, కాంట్రాక్టరు నష్టపరిహారం అడిగింది మమ్మల్ని. మూడవది చూడడానికి చిన్నది. మేకప్ గది తలుపును మామూలు పడకగది తలుపు కొలతకు గీశారు. కిరీటం, భుజకీర్తులు ధరించి, గద భుజాన వేసుకున్న భీముడు ఆ తలుపులోంచి పక్కకు తిరిగి, తల వంచి బయటికి రావలసి ఉండేది! మా నాటక విభాగం వారు బొమ్మ మీద అట్టముక్కతో భుజకీర్తులు కత్తిరించి పెట్టి చూపిన తరువాత 1200 మిల్లీమీటర్లకు వెడల్పు చేశారు, ఎత్తు పెంచారు. హార్మోనిస్టుకు వేదిక పక్కన, నటుడి పెదవులు కనిపించేచోట పీట వేయాలన్న సంగతీ మేము చెప్పిందాకా వారికి తట్టలేదు. విదేశీ ఒపేరాల గురించి అంత చదివినవారు ఈ ఊళ్లోనే ఆడే ఒక పౌరాణిక నాటకాన్ని తెర వెనుక నుంచి ఒక్కసారి చూసి ఉంటే ఈ రెండూ మొదటి బొమ్మలోనే ఉండేవి.

పర్యవేక్షణ మధ్యస్థంగా ఉంది. పునాదుల దశలో ప్రధాన ఆర్కిటెక్టు స్వయంగా వచ్చేవారు. గోడలు లేచాక కొత్తగా చేరిన పిల్లలను పంపడం మొదలైంది. వారు మర్యాదస్థులే, కష్టపడేవారే, కానీ సైటులో నిర్ణయం చెప్పవలసి వచ్చినప్పుడు ఫోను పట్టుకుని బయటికి నడిచేవారు.

పాత హాలును కూల్చకుండా దానికి జోడింపు చేసుకోవాలనుకునేవారికి ఈ తరహా కార్యాలయాన్నే నియమించుకోమని చెబుతాను. మామూలు కల్యాణమంటపాలు గీసే చోటికి వెళ్లవద్దు. అయితే ఒప్పందంలో మూడు మాటలు ముందే రాయించుకోవాలి: అధ్యయనానికి రుసుము విడిగా ఉండి, ఆ నివేదిక సభ సొత్తు కావాలి, అన్ని విభాగాల బొమ్మలను ఒకదాని మీద ఒకటి పరిచి సరిచూసిన తరువాతే టెండరుకు వెళ్లాలి, పాత గోడను తాకే ప్రతి పని రోజునా ప్రధాన ఆర్కిటెక్టు సైటులో ఉండాలి. మూడవదానికి వారు అదనపు రుసుము అడిగితే బేరమాడకుండా ఇవ్వండి, ఆ డబ్బు కావాలంటే లాబీ పాలరాయిలో తగ్గించుకోండి.