డబ్బా మీద అచ్చువేసిన మాట: మూడేళ్లకు పైగా వాడిన ఫోన్‌పై నా సమీక్ష

2022 ఆగస్టులో అనంతపురం సుభాష్ రోడ్డులోని ఒక దుకాణంలో రూ.18,499 పెట్టి కొన్న ఫోన్ గురించి, మూడేళ్లకు పైగా వాడిన తరువాత రాస్తున్నాను. వ్యవహారం నోటీసు దశలో ఉన్నందువల్ల కంపెనీ పేరు ఇక్కడ చెప్పడం లేదు.

ఫోన్ మట్టుకు మంచిదే. మన ఊరి మే నెల ఎండలో కూడా తెర మీది అక్షరాలు కనిపిస్తాయి. బ్యాటరీ ఇప్పటికీ సాయంత్రం దాకా వస్తుంది. రెండుసార్లు చేయి జారి గచ్చు మీద పడినా అద్దం చిట్లలేదు. కానీ నేను దీన్ని ఎంచుకున్నది వీటిని చూసి కాదు. ఆ రోజు దుకాణదారుడు ఇదే ధరలో, ఇంతకన్నా ఎక్కువ ర్యామ్ ఉన్న మరో ఫోన్‌ను కూడా పక్కనే పెట్టి చూపించారు. అయినా ఈ డబ్బా మూత మీదా, దుకాణం ముందు కట్టిన ఫ్లెక్సీ మీదా ఉన్న "రెండు ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్లు, మూడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు" అన్న మాట, అంటే ఫోన్‌ను నడిపే ఆండ్రాయిడ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు రెండుసార్లు, భద్రతా లోపాల సవరణలు మూడేళ్లపాటు ఇస్తామన్న మాట చూసి దీనివైపే మొగ్గాను. మా ఇంట్లో ఫోన్ కొంటే నాలుగైదేళ్లు వాడతాం. బ్యాంకు పనులు, గ్యాస్ బుకింగ్, మా నాన్న పెన్షన్ మెసేజీలు అన్నీ అందులోనే నడుస్తాయి కాబట్టి, ఆ మాటకు కూడా కలిపే నేను డబ్బు కట్టానని అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఫోన్ ఆండ్రాయిడ్ 12తో చేతికి వచ్చింది. గూగుల్ 2022 ఆగస్టులో విడుదల చేసిన ఆండ్రాయిడ్ 13 నాకు 2023 జులైలో అందింది. రెండోది, ఆండ్రాయిడ్ 14, రానే లేదు. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలు తెరిస్తే సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాల సవరణ) తేదీ 2024 నవంబరు 1 దగ్గర ఆగిపోయి ఉంది. అప్‌డేట్ కోసం వెతకమని నొక్కితే చిన్న చక్రం రెండు మూడు క్షణాలు తిరిగి, ఆకుపచ్చ టిక్కుతో "మీ ఫోన్ తాజాగా ఉంది" అని చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో బయటపడిన లోపాలను గూగుల్ దాదాపు నెలనెలా ప్రకటిస్తూనే ఉంటుంది. ఆ సవరణలను తన ఫోన్లకు సరిచేసి పంపవలసినది తయారీదారు. అక్కడ పని ఆగిపోయినప్పుడు ఫోన్ తాజాగా ఉందని తెర మీద చూపించడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం.

సర్వీస్ సెంటర్‌కు వెళ్తే కౌంటర్‌లోని అబ్బాయి మర్యాదగానే "మీ మోడల్ లిస్టులో లేదు సార్, పైనుంచి మాకేమీ రాలేదు" అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఫిర్యాదుకు జాబ్‌షీట్ (ఫిర్యాదు నమోదు చేసుకున్నట్టు ఇచ్చే కాగితం) ఇవ్వరట. గంటసేపు కూర్చుని అడిగితే ఇచ్చారు. కంపెనీకి ఈమెయిల్ పెట్టగా, అప్‌డేట్లు వారంటీ కిందికి రావనీ, మోడల్‌ను, ప్రాంతాన్ని బట్టి మారవచ్చనీ జవాబు వచ్చింది.

అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ప్రకటనలో చెప్పిన మాటకు కంపెనీ చట్టప్రకారం కట్టుబడి ఉండాలా? "అద్భుతమైన అనుభవం" వంటి పొగడ్తను ఎవరూ కోర్టులో నిలబెట్టలేరు. రెండు, మూడు అని అంకె వేసి చెప్పిన మాట మాత్రం వేరు. ఇంగ్లండ్‌లో 1892లో వచ్చిన కార్లిల్ కేసు తీర్పు మన లా కాలేజీల్లో ఈనాటికీ చెబుతారు: తమ మందు వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామనీ, అందుకు 1,000 పౌండ్లు బ్యాంకులో వేసి ఉంచామనీ ప్రకటించిన కంపెనీ, అది ఉత్త ప్రచారమని తప్పించుకోలేకపోయింది.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ఆ చట్టంలో ప్రకటన అంటే పత్రికలో, టీవీలో వచ్చేది మాత్రమే కాదు. లేబుల్, పైచుట్ట (ర్యాపర్), ఇన్వాయిస్ కూడా దాని కిందికే వస్తాయి. అందువల్ల డబ్బా మూత మీది మాటను ప్రకటనగా చూడవచ్చు. వస్తువును బాగుచేస్తామనో, నిర్వహిస్తామనో ప్రజలకు ఇచ్చిన హామీ ముఖ్యమైన విషయంలో తప్పుదోవ పట్టించేదైనా, అది నెరవేరే అవకాశం సహేతుకంగా లేకపోయినా, దాన్ని అన్యాయమైన వ్యాపార పద్ధతిగా అదే చట్టం పేర్కొంటుంది. కాబట్టి "వారంటీలో లేదు" అన్న జవాబుతో విషయం ముగియదని నా అభిప్రాయం. నేను అడుగుతున్నది వారంటీ కాగితం గురించి కాదు, అమ్మేటప్పుడు చెప్పిన మాట గురించి.

కంపెనీకి ఉన్న బలమంతా ఆ హామీ పక్కన వేసిన నక్షత్రపు గుర్తులో (*) ఉంది. మూత మీది ఆ గుర్తుకు వివరణ డబ్బా అడుగున, బార్‌కోడ్ పక్కన ఉంది. కంటికి ఆనక, ఈ ఫోన్ కెమెరాతోనే ఫోటో తీసి పెద్దది చేసి చదివాను: లభ్యత, సమయం ముందస్తు సమాచారం లేకుండా మారవచ్చునట. ఫ్లెక్సీ మీద హామీ పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంటే, షరతు మాత్రం అడుగున సన్నని ఇంగ్లీషులో ఉంది. 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాల ప్రకారం షరతు కూడా హామీ ఉన్న భాషలోనే ఉండాలి, అసలు హామీకి విరుద్ధంగా ఉండకూడదు. సమయం మారవచ్చు అంటే ఆలస్యమని అర్థం చేసుకోగలను. అసలే ఇవ్వకపోవడం ఆ మాటలోకి ఎలా ఇముడుతుందో నాకు అర్థం కాలేదు.

అయితే గెలుపు ఖాయమని చెప్పలేను. నెదర్లాండ్స్‌లో అక్కడి వినియోగదారుల సంఘం ఫోన్ అప్‌డేట్ల విషయమై ఒక పెద్ద కంపెనీ మీద వేసిన దావాను, అది రాబోయే కాలపు పనులకు సంబంధించినదన్న కారణంతో 2018లో కోర్టు తోసిపుచ్చింది. నా విషయంలో గడువు ముగిసిపోయింది, మాట తప్పిపోయింది; ఆ తేడా నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి, ఒక మోడల్ అమ్మకం ఆగిన తరువాత కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. గూగుల్ వారి పిక్సెల్ 8కు, శాంసంగ్ వారి గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్ల హామీ ఇచ్చారు. ఆ అంకె చూసి కొనేవారు డబ్బాను పారేయకండి.

దుకాణం గురించి మంచిమాటే చెప్పాలి. బిల్లు కాగితం మీద అచ్చు వెలిసిపోతే, "దాందేముందన్నా, కంప్యూటర్‌లో ఉంది" అంటూ స్టాంపు వేసి మళ్లీ తీసి ఇచ్చారు. పాత ఫ్లెక్సీ ఫోటో కూడా తమ వాట్సాప్‌లో వెతికి పంపారు. ఫిర్యాదులో అమ్మినవారిని కూడా చేర్చడం మామూలే అయినా, వారి నుంచి నేను డబ్బు అడగడం లేదు.

దారి మరీ కష్టమైనదేమీ కాదు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ముందుగా ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి పోనక్కర్లేదు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లే. అప్‌డేట్లు ఆగిన రోజు నుంచి లెక్కపెట్టుకోవడం క్షేమం.

ఫోన్‌కు నాలుగు స్టార్లు, దుకాణానికి అయిదు, కంపెనీ మాటకు ఒకటి. నోటీసు స్పీడ్ పోస్టులో పంపాను. ఆండ్రాయిడ్ 14, మిగిలిన తొమ్మిది నెలల ప్యాచ్‌లు, లేదా ధరలో కొంత వాపసు అడిగాను. పదిహేను రోజుల గడువు ఇచ్చాను. డబ్బా, బిల్లు, జాబ్‌షీట్, ఫ్లెక్సీ ఫోటో ఒకే కవర్లో పెట్టి బీరువాలో ఉంచాను.