జాగ్రత్త: "పూర్తి నవల" అని అమ్ముతున్న అంకుల్ టామ్స్ క్యాబిన్‌లో తల్లుల కథలు కోసేశారు

అమెరికాలోని బానిసత్వం గురించి హ్యారియెట్ బీచర్ స్టోవ్ రాసిన నవల 'అంకుల్ టామ్స్ క్యాబిన్' ఆన్‌లైన్‌లో కొనబోతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. డిగ్రీ చదువుతున్న మా మేనకోడలి కోసం పోయిన నెల తెప్పించాను. అమ్మకం పేజీలో 'పూర్తి నవల' అని ఉంది. వచ్చింది 160 పేజీల పుస్తకం. సంక్షిప్తం అన్న మాట అట్ట మీదా లేదు, లోపలా లేదు.

మొదట అనుమానం రాలేదు, బానిస తల్లి ఎలైజా ఉంది కాబట్టి. తన కొడుకు హ్యారీని యజమాని అమ్మేశాడని చాటుగా విని, ఆ రాత్రే పిల్లాణ్ణి ఎత్తుకుని పారిపోతుంది. ఒహాయో నదిలో కదిలే మంచుపలకల మీద దూకుతూ, చీలిన పాదాల నెత్తురుతో, బానిసత్వం లేని అవతలి గట్టెక్కుతుంది. చివర్లో ఆ ఎలైజాకు కన్నతల్లి కాసీ దొరికిందని రాశారు. "అత్తా, ఈ కాసీ ఎవరు? ముందెక్కడా లేదే!" అంది మా పిల్ల.

ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్న అసలు పాఠంతో పోల్చి చూశాను. అసలు నవల 45 అధ్యాయాలు. మా పుస్తకంలో 18 ఉన్నాయి.

12వ అధ్యాయంలోని లూసీ అనే బానిస తల్లి లేదు. భర్త పనిచేసే చోటికే పంపుతున్నామని నమ్మించి ఆమెను పడవ ఎక్కిస్తారు. లూయీవిల్ రేవులో భర్త కనిపిస్తాడేమోనని పడవ అంచుకు పరిగెత్తి వచ్చేసరికి, నిద్రపుచ్చిన పది నెలల బిడ్డను బానిసల వ్యాపారి 45 డాలర్లకు అమ్మేసి ఉంటాడు. ఆ రాత్రే ఆమె నదిలో దూకేస్తుంది. వ్యాపారి ఆమెను నష్టాల పద్దులో రాసుకుంటాడు. అది చదివి నేను చాలాసేపు పుస్తకం ముందుకు తిప్పలేకపోయాను.

34వ అధ్యాయంలో కాసీ తన కథ చెప్పుకుంటుంది. తన ఇద్దరు పిల్లల్ని యజమాని అమ్మేశాక, మూడో బిడ్డ బానిసగా పెరగకూడదని రెండు వారాల పసికందుకు నల్లమందు పట్టి, గుండెలకు హత్తుకుని నిద్రలోనే పోనిస్తుంది. అదీ లేదు.

ఎలైజా ఒక్కతే మిగిలితే ఇది సాహసకథ అయిపోతుంది. దాటడానికి నది కూడా దొరకని తల్లుల గుండెదిటవు ఎక్కడ కనబడుతుంది? 1849 కలరాలో ఏడాదిన్నర కొడుకును పోగొట్టుకున్న స్టోవ్, బిడ్డను లాక్కుంటే బానిస తల్లికి ఎలా ఉంటుందో ఆ సమాధి దగ్గరే తెలిసిందని రాసుకుంది. ఆ కడుపుకోతతో రాసిన పేజీలే తీసేశారు.

అమ్మినవాళ్లకు రాస్తే వాపసు గడువు దాటిందన్నారు. డబ్బు పోయింది.

మీరు కొనేముందు పేజీల సంఖ్య చూడండి. పూర్తి నవల మామూలు అచ్చులో నాలుగైదు వందల పేజీలు ఉంటుంది. విషయసూచిక ఫోటో అడగండి, 45 అధ్యాయాలు లేకపోతే కొనొద్దు. పార్సిల్ రాగానే 12, 34 అధ్యాయాలు తెరిచి చూడండి. వాటిలో లూసీ, కాసీ లేకపోతే అదే రోజు వాపసు పెట్టేయండి.