ఎఫ్450 ఫ్రేమ్: కొనండి, కానీ డబ్బాలో వచ్చినట్టే ఎగరేయకండి

డ్రోన్ సొంతంగా కట్టుకోవాలనుకునే వాళ్లలో చాలామంది మొదట వచ్చి చేరేది ఈ ఫ్రేమ్ దగ్గరికే, అంటే మోటార్లు, బ్యాటరీ అన్నీ బిగించే అస్థిపంజరం దగ్గరికి. డ్రోన్లు చేసే చైనా కంపెనీ డీజేఐ వాళ్లు ఫ్లేమ్ వీల్ పేరుతో తెచ్చిన ఎఫ్450 నమూనా ఇది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అయినా కోఠిలో అయినా మనకు దొరికేవి దాదాపు అన్నీ దాని నకళ్లే, ధర వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ పిల్లల బల్ల మీద రెండు ఎర్ర ఆర్మ్‌లు (చివర మోటార్ కూర్చునే చేతులు), రెండు తెల్ల ఆర్మ్‌లు, మధ్యలో నల్ల ప్లేట్లతో కనిపించేది ఇదే. నేను రాస్తున్నది ఆ నకలు ఫ్రేమ్ గురించి, అందులోనూ దాని బాడీని మనకు కావలసినట్టు మార్చుకోవడం గురించి. ఈ డబ్బుకి ఇంతకన్నా పనికొచ్చే ఫ్రేమ్ నేను చూడలేదు. కోసుకోవచ్చు, కలుపుకోవచ్చు, విరిగితే ఒక్క ఆర్మ్ మార్చుకుని సాయంత్రానికి మళ్లీ గ్రౌండ్‌కి పోవచ్చు.

అయితే నకళ్లన్నీ ఒకేలా ఉండవు. అసలు దాంట్లో ఆర్మ్‌లు 30 శాతం గ్లాస్ ఫైబర్ కలిపిన పీఏ66 నైలాన్‌తో చేసినవి, మొత్తం ఫ్రేమ్ బరువు 282 గ్రాములు. నకళ్లలో ఆ గ్లాస్ ఎంత కలిపారో పైకి కనిపించదు కాబట్టి చేత్తోనే చూసుకోవాలి: ఆర్మ్‌ని మోటార్ వైపు ఒక చేత్తో, ప్లేటు వైపు ఇంకో చేత్తో పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టండి. సులువుగా తిరిగిపోతే వద్దు, గాల్లో మోటార్ కూడా దాన్ని అలాగే తిప్పుతుంది, అప్పుడు మీరు ట్యూనింగ్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. తర్వాత ఆర్మ్‌లో ఇత్తడి నట్లు చూడండి. నాకు వచ్చిన సెట్‌లో ఒక ఆర్మ్‌లో నట్టు వంకరగా దిగి ఉంది, స్క్రూ సగం వెళ్లి ఇరుక్కుపోయింది. అమ్మినవాళ్లు ఆర్మ్ మార్చి ఇచ్చారు గానీ దానికి బోలెడు మెసేజ్‌లు పెట్టాల్సి వచ్చింది. ప్లేట్లకి ఆర్మ్‌లు బిగించే స్క్రూలు మొత్తం 24, అన్నీ ఎం2.5. ఒక్కోదాన్ని పూర్తిగా బిగించుకుంటూ పోవద్దు, అన్నీ వదులుగా పెట్టి, ఆర్మ్‌లు సర్దుకున్నాక, ఎదురెదురుగా ఉన్నవి బిగించుకుంటూ రండి. మోటార్ స్క్రూల పొడవు మాత్రం తప్పకుండా చూడాలి, పొడుగు స్క్రూ మోటార్ లోపలి తీగచుట్టకి తగిలితే మోటార్ కాలిపోతుంది.

కింది ప్లేటు మామూలు ప్లేటు కాదు, సర్క్యూట్ బోర్డే. బ్యాటరీ వైర్లు, నాలుగు ఈఎస్‌సీల (ఒక్కో మోటార్ వేగాన్ని అదుపు చేసే చిన్న బోర్డుల) ఎరుపు నలుపు వైర్లు దానిమీదే సోల్డర్ చేయొచ్చు, వేరే పవర్ బోర్డు అక్కర్లేదు. ఈ ప్లేటుకి రంధ్రాలు పెట్టే ముందు రాగి పట్టీలు ఎక్కడెక్కడ వెళ్తున్నాయో చూసుకోండి. బ్యాటరీ పెట్టే ముందు ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య మల్టీమీటర్ బీప్ అంటోందేమో కూడా చూడండి. బీప్ అంటే షార్ట్ ఉన్నట్టే, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ షార్ట్ అయితే మంటలే.

ఇక బాడీ మార్పులు. అందరూ ముందు అడిగేది పైకప్పు, అంటే కానపీ. మార్కెట్లో ఎఫ్450 కోసమని వచ్చే ప్లాస్టిక్ కానపీలు కొన్ని ఉన్నాయి, నాకు నచ్చలేదు, బరువెక్కువ. దానికన్నా మీరే చేసుకోండి, కానీ ముందు చిన్న లెక్క చేయండి. ఎదురెదురు మోటార్ల మధ్య దూరం 450 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి ఒక్కో మోటార్ 225 దూరంలో ఉంటుంది. 10 అంగుళాల ప్రొపెల్లర్ సగం పొడవు 127. తీసేస్తే 98 మిగులుతుంది. అంటే మధ్యలో దాదాపు 19.5 సెంటీమీటర్ల వెడల్పు వృత్తం దాటి మీరు ఏది పెట్టినా, ఆర్మ్‌ల వైపు అది ప్రొపెల్లర్ గాలికి అడ్డమే. పక్క పక్క మోటార్ల మధ్య దూరం 318, కాబట్టి 10 అంగుళాల ప్రొపెల్లర్లు పెడితే రెండు కొసల మధ్య 64 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. 12 అంగుళాలవి పెడదామనుకుంటే మిగిలేది 13 మాత్రమే, మెత్తటి ఆర్మ్‌లతో ఆ పని చేయకండి.

ఈ కొలతకి సరిగ్గా సరిపోయేది మిఠాయి షాపులో ఇచ్చే గుండ్రటి పారదర్శక డబ్బా. పల్చన, తేలిక, పగిలితే ఇంకోటి దొరుకుతుంది. అంచు చుట్టూ గాలి రంధ్రాలు పెట్టండి, మన ఎండల్లో లోపల వేడి చేరితే ఈఎస్‌సీలకి, డ్రోన్‌ని నడిపే బోర్డు ఫ్లైట్ కంట్రోలర్‌కి మంచిది కాదు. ఇంకో విషయం చాలామందికి తట్టదు: చాలా కంట్రోలర్లలో ఎత్తు కొలిచే బారోమీటర్ ఎంఎస్5611, దానిమీద నేరుగా ఎండ పడితే రీడింగ్ మారిపోతుంది. డ్రోన్ తిరిగిన ప్రతిసారీ ఎత్తు ఎగిరెగిరి పడుతుంటే అనుమానించాల్సింది ఇదే. బారోమీటర్ మీద చిన్న నల్ల ఫోమ్ ముక్క పెడితే ఎండా ఆగుతుంది, ప్రొపెల్లర్ గాలీ ఆగుతుంది.

బరువు దగ్గర మాత్రం గీచి గీచి లెక్కపెట్టాలి. అందరూ వాడే ఎ2212 1000 కేవీ మోటార్లు (కేవీ అంటే ఇక్కడ ఒక్కో వోల్టుకి నిమిషంలో తిరిగే చుట్లు), 30 ఆంపియర్ ఈఎస్‌సీలు, 3ఎస్ అంటే మూడు సెల్‌ల 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, కంట్రోలర్, జీపీఎస్ అన్నీ కలిపితే కిలోకి దగ్గరగా వస్తుంది. ఈ సైజు ఫ్రేమ్‌కి డీజేఐ ఇచ్చిన టేకాఫ్ బరువు 800 నుంచి 1600 గ్రాములు. 1600 వరకు ఉంది కదా అని నింపేయకండి, మోటార్లు మొత్తం ఎత్తగలిగే బరువులో సగం దగ్గరే మీ డ్రోన్ గాల్లో నిలబడగలగాలి, అప్పుడే గాలి కొట్టినా నిలదొక్కుకుంటుంది. బ్యాటరీ చోటు మార్చినా, కెమెరా తగిలించినా, ప్లేటు కింద రెండు వైపులా వేళ్లు పెట్టి ఎత్తి చూడండి, ఒక వైపు ఒరిగితే ఆ వైపు మోటార్లు ఎప్పుడూ ఎక్కువ పనిచేస్తుంటాయి.

ల్యాండింగ్ కాళ్ల విషయంలో నా అభిప్రాయం గట్టిది. నకలు కిట్లతో వచ్చే పొడుగు కాళ్లు వద్దు. కొంచెం పక్కకి దిగితే చాలు, పుటుక్కుమంటాయి, పైగా గాలికి ఊగుతాయి. కింద కెమెరా లేకపోతే ఆర్మ్ చివర రబ్బరులా వంగే టీపీయూ ప్లాస్టిక్‌తో పొట్టి బూట్లు చాలు. త్రీడీ ప్రింట్ చేయించుకునేటప్పుడు పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ తీసుకోకండి, 60 డిగ్రీల దగ్గరే అది మెత్తబడుతుంది, మే నెలలో కారులో పెట్టి తాళం వేసి భోజనానికి వెళ్లొస్తే కాళ్లు వంగిపోయి ఉంటాయి. కాళ్లకి, యాంటెన్నా పట్టీలకి టీపీయూ, జీపీఎస్ స్తంభానికి పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్, నా లెక్క ఇదీ. ఆ జీపీఎస్‌ని కాస్త ఎత్తులో పెట్టడం అందం కోసం కాదు, లోపల దిక్సూచి ఉంటుంది, కింద బ్యాటరీ వైర్లలో కరెంటు పారినప్పుడల్లా అది తప్పు దిక్కు చూపిస్తుంది. పై ప్లేటు కార్బన్ ఫైబర్‌తో కోయించాలనుకునేవాళ్లు రెండు గుర్తుంచుకోండి: కార్బన్‌లో కరెంటు పారుతుంది, రేడియో సిగ్నల్ ఆగిపోతుంది, కాబట్టి రిసీవర్ యాంటెన్నా ప్లేటు బయటికి రావాలి. అంచులు అరగదీసేటప్పుడు నీళ్లతో తడుపుతూ ఉండండి, మాస్క్ వేసుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది.

కంట్రోలర్ కింద వణుకు తగ్గించే రబ్బరు బంతుల ప్లేటు వేయడం నాకు అన్నిటికన్నా ఫలితమిచ్చిన మార్పు. కంట్రోలర్‌లో ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, అది రాసుకునే లాగ్‌లో వైబ్రేషన్ గ్రాఫ్ తెరవండి: 30 లోపు ఉంటే ఫర్వాలేదు, 60 దాటితే డ్రోన్‌ని ఒకే ఎత్తులో నిలిపే ఆల్టిట్యూడ్ హోల్డ్ మీద నమ్మకం పెట్టుకోకండి. ముందు ప్రొపెల్లర్లు బ్యాలెన్స్ చేయండి, తర్వాతే రబ్బరు. కిట్‌తో పాటు ఏపీఎం 2.8 అనే పాత కంట్రోలర్ బోర్డు అంటగడుతుంటే వద్దనండి, ఆర్డుపైలట్‌లో ఇలాంటి డ్రోన్ల కోసం ఉండే ఆర్డుకాప్టర్ 3.2.1 తర్వాత దానికి కొత్త వెర్షన్లు లేవు.

రంగుల సంగతి. ముందు ఎరుపు, వెనక తెలుపు అని కిట్‌లో ఇస్తారు గానీ, కాస్త పైకి వెళ్లాక ఆకాశం ముందు రెండూ నల్లగానే కనిపిస్తాయి, ముందేదో వెనకేదో తెలియక టెన్షన్ అక్కడే మొదలవుతుంది. స్ప్రే పెయింట్ నైలాన్ మీద సరిగ్గా నిలవదు, గీరుకుపోతుంది. ఆర్మ్‌ల అడుగున ఎల్‌ఈడీ స్ట్రిప్‌లు అతికించండి, ముందు రెండిటికీ ఒక రంగు, వెనక రెండిటికీ ఇంకోటి. బండి నంబర్ ప్లేట్లు చేసే రేడియం షాపులో మీ పేరు, ఫోన్ నంబర్ కోయించి కానపీ మీద అంటించుకోండి, చేలో పడిపోతే దొరికినవాళ్లు ఫోన్ చేస్తారు.

గాల్లో పల్టీలు కొట్టాలి, రేసులు ఆడాలి అనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు, 5 అంగుళాల కార్బన్ ఫ్రేమ్ తీసుకోండి. నెమ్మదిగా ఎగిరే, జీపీఎస్‌తో నిలబడే, ఫొటోలు తీసే, కొత్త సెన్సర్లు తగిలించి చూసే డ్రోన్ కావాలంటే మాత్రం కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఫ్రేమ్‌తో పాటే విడి ఆర్మ్‌లు రెండు, ఎం2.5 స్క్రూల ప్యాకెట్ ఒకటి, మంచి 2 మిల్లీమీటర్ల అలెన్ కీ ఒకటి ఆర్డర్ పెట్టండి. కిట్‌లో ఇచ్చే కీ స్క్రూ తలల్ని అరగదీసేస్తుంది.