గుడి కట్టిన ఏడా, సంఘం పుట్టిన ఏడా: ఒక పల్లె బాప్టిస్టు సంఘపు శతవార్షిక సంచిక

ఒంగోలు ప్రాంతంలోని ఒక పల్లె బాప్టిస్టు సంఘం తన నూరేళ్ల పండుగ సందర్భంగా వెలువరించిన జ్ఞాపక సంచిక ఇది. 168 పేజీలు, వెల 250 రూపాయలు. లోపాలను కూడా రాయబోతున్నాను కనుక ఊరి పేరును గాని, సంపాదక వర్గం పేర్లను గాని ప్రస్తావించడం లేదు. ఇటువంటి సంచికలు మన ప్రాంతంలో ఏటా కొన్ని వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటిని శుభాకాంక్షల పేజీలు, దాతల ఫొటోలు నింపేస్తాయి. దీనిలో మాత్రం దాదాపు తొంభై పేజీలు సంఘ చరిత్రకే కేటాయించారు. కొనడానికి నన్ను పురికొల్పినది అదే.

చరిత్ర భాగం ప్రారంభంలోనే ఒక చిక్కు ఉంది. నూరేళ్లు ఎప్పటినుండి లెక్కించారన్న ప్రశ్నకు సంచిక చెప్పే సమాధానం గుడి శంకుస్థాపన రాయి. ఆ రాయి ఫొటోను పూర్తి పేజీలో అచ్చువేశారు కూడా. అయితే బాప్టిస్టుల సిద్ధాంతం ప్రకారం సంఘం పుట్టడానికి కట్టడంతో పని లేదు. విశ్వసించి, ముంచి ఇచ్చే బాప్తిస్మం పొందిన కొద్దిమంది ఒకచోట చేరి, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ఆచారంలో) పాలుపొందుతూ, తమ డీకన్లను (సంఘ పరిచారకులను), తమ కాపరిని తామే ఎన్నుకొని కలిసి నడుస్తామని నిబంధన చేసుకొన్న రోజే సంఘం పుట్టిన రోజు. ఆ సమావేశం చింతచెట్టు కింద జరిగినా సరే. ఇదే సంచిక 41వ పేజీలో, శంకుస్థాపనకు చాలా ఏళ్ల ముందే ఊరి విశ్వాసులు తాటాకు పాకలో ఆరాధించేవారని, ప్రతి ఆదివారం కానుక పట్టేవారని, ఇద్దరు డీకన్లు ఉండేవారని స్పష్టంగా ఉంది. అంటే సంఘం అప్పటికే ఉంది. రాసినవారు తమ చేతిలో ఉన్న ఆధారాన్ని తామే గమనించలేదని అనుకోవాలి.

ఈ గందరగోళానికి ఒక కారణం ఉంది, దానిని వివరించి ఉంటే సంచిక విలువ రెట్టింపయ్యేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. మొదటి పాతికేళ్లలో ఫలితం స్వల్పంగా ఉండటంతో, ఈ మిషన్‌ను మూసివేయాలన్న చర్చ అమెరికాలో ఒకసారి కాదు, పలుమార్లు జరిగింది. అదే మిషన్‌కు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరారు; 1867 జనవరి 1న అక్కడ ఎనిమిది మంది సభ్యులతో సంఘం ఏర్పడింది. ఆ తరువాత చుట్టుపక్కల పల్లెల్లో బాప్తిస్మం పొందినవారి పేర్లన్నీ చాలాకాలం పాటు ఆ ఒంగోలు సంఘపు పుస్తకంలోనే ఎక్కాయి. మూడు నెలలకొకసారి బోధకులు, పెద్దలు ఒంగోలులో కూడుకొని తమ పల్లెల సంగతులు చెప్పుకొనేవారు. పల్లె విశ్వాసులు తమకంటూ వేరే సంఘంగా ఏర్పడటం తరువాతి మాట. కాబట్టి ఈ ప్రాంతపు ఏ పల్లె సంఘానికైనా ఒకటి కాక మూడు నాలుగు పుట్టినరోజులు ఉంటాయి: ఊరిలో తొలి బాప్తిస్మం, పాకలో తొలి ఆరాధన, వేరు సంఘంగా ఏర్పాటు, ఆ తరువాత ఎప్పటికో రాతి గుడి. వీటిలో ఏదో ఒకదానికి పండుగ చేసుకోవడంలో తప్పు లేదు గాని, మిగిలినవాటిని పాఠకుడికి చెప్పవలసింది.

యర్రగుంట్ల పేరయ్యను గురించిన అధ్యాయం ఈ సంచికలో నాకు బాగా నచ్చిన వాటిలో ఒకటి. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే మాదిగ కులస్థుడైన పేరయ్య, అంతకుముందే యోగ సాధన చేసి, గురువులను ఆశ్రయించిన సత్యాన్వేషి. 1866లో బాప్తిస్మం పొందాక ఆయన తాను తిరిగిన దారుల వెంటనే, తన బంధువుల ఇళ్లకే కొత్త బోధను తీసుకువెళ్లారు. 1867 జనవరిలో క్లౌ ఆయన ఊరి పరిసరాలకు వెళ్లేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. దొర వచ్చి ఊరిని మార్చాడన్న వాడుక కథకు భిన్నంగా, బంధుత్వాల ద్వారా, గూడెం నుండి గూడేనికి విశ్వాసం ప్రాకిందని ఈ అధ్యాయం చక్కగా చూపిస్తుంది.

అయితే పేరయ్య కులాన్ని ఒక్కసారి పేర్కొన్న తరువాత సంచిక ‘అణగారిన వర్గాలు’ అన్న మాట వెనుక దాక్కుంటుంది. అది మర్యాద కోసం చేసిన పనే కావచ్చు గాని, దానివల్ల తొలి ఏళ్ల కష్టం అర్థం కాకుండా పోయింది. కొత్త విశ్వాసులకు అప్పట్లో ముఖ్యంగా మూడు కట్టుబాట్లు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి సులువుగానే ఉంటాయి. కాని బావి నీళ్లు తోడే కపిల బానకు తోలు కుట్టి, చెప్పులు చేసి, జాతరలో డప్పు కొట్టి, అందుకు ప్రతిఫలంగా కళ్లంలో మేర (ధాన్యంలో వాటా) పొందే కుటుంబానికి ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ ఊరితో తగాదాయే. కోతల రోజుల్లో ఆదివారం రానంటే రైతుకు కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. సంచిక దీనినంతటినీ ‘అనేక శ్రమలు అనుభవించారు’ అన్న ఒక్క వాక్యంతో దాటవేసింది. ఏ శ్రమలు, ఎవరి వల్ల, ఎందుకు అన్నది లేకుండా ఆ వాక్యం ఏ ఊరి సంచికలోనైనా ఇమిడిపోతుంది.

1878 గురించిన పేజీలు మరింత నిరాశ కలిగించాయి. ఆ ఏడాది జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడాన్ని సంచిక ఉత్సాహంగా వర్ణించింది. తమ ఊరి తొలి కుటుంబాలు కూడా ఆ గుంపులో ఉన్నాయని చెప్పుకొంది. కాని దాని వెనుక ఉన్న 1876-78 నాటి మహా కరువు ప్రస్తావన రెండు పంక్తులకు మించలేదు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి పని కల్పించారు. అన్నం కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు సహాయం సాగినంతకాలం, సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపివేశారు. జులైలో అంతమంది ఒక్కసారిగా నదికి రావడానికి ఆ నిలుపుదల ఒక ముఖ్య కారణం. ఆ డిసెంబరు చివరికి కొత్తగా బాప్తిస్మం పొందినవారి సంఖ్య 9,606కు చేరింది. ఈ సంగతి చెబితే విశ్వాసుల గౌరవం తగ్గుతుందని సంపాదకులు భయపడి ఉంటారు. నా అభిప్రాయంలో పెరుగుతుంది: కూలి డబ్బులు ఆగిపోయాక కూడా వచ్చి నీళ్లలో దిగినవారు వాళ్లు.

సంచిక మధ్యలో వృద్ధ సభ్యుల జ్ఞాపకాలను సేకరించి వేసిన ఇరవై రెండు పేజీల కోసమైనా దీనిని కొనవచ్చు. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, వారాంతంలో గుడికి తీసుకువెళ్లే అలవాటును ఒక అవ్వ తన మాటల్లో చెప్పారు. ఆ బియ్యంతోనే కాపరి కుటుంబం గడిచేది. పగలు బడిగా, రాత్రి ప్రార్థనాలయంగా నడిచిన పాక గురించి, ఒకే మనిషి పంతులుగా, కాపరిగా, ఉత్తరాలు చదివి పెట్టేవాడిగా ఉండటం గురించి, గుడ్డి దీపం ముందు చదువురాని ఆడవాళ్లు కీర్తనలను కంఠస్థం చేయడం గురించి ఉన్న వివరాలు ఏ మిషన్ నివేదికలోనూ ఇంత సహజంగా దొరకవు. వారి యాసను సరిదిద్దకుండా అలాగే ఉంచినందుకు సంపాదకులను అభినందించాలి. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బైబిలు బోధించిన ‘బైబిలు స్త్రీల’ గురించి మాత్రం ఒకే ఒక గ్రూపు ఫొటో ఉంది, దాని కింద ఒక్క పేరు కూడా లేదు. దొరల ఫొటోల కింద పేర్లు, వచ్చిన సంవత్సరం, వెళ్లిన సంవత్సరం అన్నీ ఉన్నాయి.

అచ్చు నాణ్యత మధ్యరకం. పాత ఫొటోలను తిరిగి స్కాన్ చేయించకుండా వాట్సాప్‌లో వచ్చినవే వేసినట్లున్నారు. ముఖాలు ఆనవాలు పట్టడం కష్టం. ఒత్తుల తప్పులు పేజీకి రెండు మూడు కనిపిస్తాయి. నా ప్రతిలో రెండవసారి చదివేసరికే 97 నుండి 104 వరకు పేజీలు ఊడి చేతికి వచ్చాయి. అన్నిటికంటే పెద్ద లోటు, పాత సభ్యత్వ పుస్తకంలోని నాలుగు పుటలను బొటనవేలంత చిత్రాలుగా వేయడం. తొలి సభ్యుల పేర్లు, తండ్రి పేర్లు, బాప్తిస్మం తేదీలు వాటిలో ఉన్నాయని భూతద్దంతో చూస్తే తెలుస్తోంది గాని చదవడానికి వీలు కాదు. ముఖచిత్రం రంగుల గ్రాఫిక్స్‌కు పెట్టిన ఖర్చులో కొంత ఆ పుటలకు పెట్టవలసింది.

ఆ ఊరితో బంధుత్వం ఉన్నవారు, ఒంగోలు చుట్టుపక్కల సంఘాల చరిత్ర రాసుకొనే ప్రయత్నంలో ఉన్నవారు దీనిని తప్పక చూడాలి. కేవలం మిషన్ చరిత్ర కోసం వెతికేవారికి ఇది అంతగా ఉపయోగపడదు. ప్రతులు గుడి కార్యాలయంలో ఆదివారం ఆరాధన తరువాత మాత్రమే దొరుకుతున్నాయి. తపాలా ద్వారా పంపే ఏర్పాటు లేదు. సభ్యత్వ పుస్తకపు పుటలను పూర్తి పరిమాణంలో వేసి రెండవ ముద్రణ తెస్తామని కార్యాలయంలో ఉన్న డీకను నాతో అన్నారు కనుక, తొందర లేనివారు అంతవరకు ఆగడం మంచిది.